మా ఊరి గుట్ట నిజంగా చచ్చిపోయిందా? నల్లమల అంచున అడవి రకాలు, వాటి దశలు

ఈ రోజు ఎపిసోడ్ నా తప్పుతోనే మొదలుపెడతాను.

పోయిన ఏప్రిల్‌లో గిద్దలూరు పక్కన మా ఊరి గుట్ట మీద నిలబడి ఒక వీడియో చేశాను. చాలామంది చూశారు కూడా. వెనకాల ఎండుగడ్డి, రాళ్ళు, అక్కడక్కడా ఆకుల్లేని పొదలు. "ఇది ఒకప్పుడు అడవి. ఇప్పుడు చచ్చిపోయింది. మనమే మొక్కలు నాటి బతికించాలి" అని గట్టిగా చెప్పాను. ఊళ్ళో కుర్రాళ్ళకి అది బాగా ఎక్కింది. మా బావ ముందు నిలబడి చందాలు ఎత్తాడు. వానలు పడగానే గుట్ట మొత్తం గుంతలు తవ్వి మొక్కలు పెట్టాలని ప్లాన్.

ఆ గుట్ట మీద అంతకుముందే రెండుసార్లు మొక్కలు నాటారు. రెండుసార్లూ ఒక్కటి బతకలేదు. "నీళ్ళు పోయలేదు, అందుకే" అనుకున్నాం. అంతకుమించి ఎవరం ఆలోచించలేదు.

అప్పుడు ఒక తాతను కలిశాను. నల్లమల లోపల ఒక చెంచు గూడెం ఆయనది. చాలా ఏళ్ళు అడవిలో కాపలా పని చేశాడు. మనవడు ఫోన్‌లో నా వీడియో చూపించాడట. నన్ను చూడగానే ఒకే మాట అడిగాడు: "నాయనా, అడవి చచ్చిపోయిందన్నావు గదా, వేరు తవ్వి చూసినావా?"

చూడలేదు. బీటెక్ చదివి, నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ చేసి, ఇప్పుడు కెమెరా పట్టుకుని ఊళ్ళు తిరుగుతున్న నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. అక్కడి నుంచి నేను నేర్చుకున్నది ఈ రోజు చెప్తాను. విషయం ఏంటంటే, అడవిని రకాలుగా ఎలా విడగొడతారు, ఒక రకం ఇంకో రకంగా ఎలా మారుతుంది, ఈ రెండూ తెలియకపోతే మన డబ్బు, మన కష్టం ఎక్కడ వృథా అవుతాయి.

ముందు బేసిక్స్. మార్కాపురంలో బయలుదేరి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళే రోడ్డు మీకు తెలుసు కదా. ఈసారి వెళ్ళేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి కిటికీలోంచి చూడండి. మైదానంలో వేప, రేగు, సర్కారు తుమ్మ. కొండలు దగ్గరయ్యే కొద్దీ బలుసు, కలివి, బిల్లుడు లాంటి పొదలు, పొట్టి చెట్లు. ఘాట్ ఎక్కుతుంటే చిరుమాను, నల్లమద్ది, మధ్యమధ్యలో వెదురు. వాగు దాటే చోట ఒక్కసారిగా పచ్చదనం, అక్కడ ఏరుమద్ది, నేరేడు. వాగు దాటి రాతి వాలు మీదికి రాగానే మళ్ళీ పల్చబడి, బెరడు పొరలు పొరలుగా ఊడే అందుగు చెట్లు కనిపిస్తాయి.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, చెట్లు ఒక్కొక్కటిగా మారడం లేదు, గుంపులుగా మారుతున్నాయి. ఒకే రకం మట్టి, ఒకే రకం తేమ, ఒకే రకం ఎండ ఉన్న చోట కొన్ని జాతులు కలిసి కనిపిస్తాయి. దాన్నే మొక్కల సముదాయం అంటారు. మన వీధిలో ఎవరెవరు పక్కపక్కన ఉంటారో చెప్తే ఆ వీధి ఎలాంటిదో తెలిసిపోతుంది కదా, అలాంటిదే ఇది.

సరే, గుంపు అని కంటితో చెప్పడం ఈజీ. మరి దాన్ని లెక్కతో ఎలా పట్టుకుంటారు? అడవిలో అక్కడక్కడా చతురస్రాలు గీస్తారు. వాటిని క్వాడ్రాట్లు అంటారు. మామూలుగా చెట్లకి 10 మీటర్లు బై 10 మీటర్లు, పొదలకి 5 బై 5, గడ్డీ చిన్న మొక్కలకి 1 బై 1. ప్రతి చతురస్రంలో ఏ జాతి ఎన్ని ఉన్నాయో రాస్తారు. చెట్టు అయితే ఛాతీ ఎత్తులో, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర, టేపు చుట్టి చుట్టుకొలత తీసుకుంటారు.

దీంట్లోంచి మూడు అంకెలు వస్తాయి. ఒకటి, సాంద్రత. మొత్తం మీద ఆ జాతి ఎన్ని ఉన్నాయి? రెండు, పౌనఃపున్యం. ఎన్ని చతురస్రాల్లో కనిపించింది? ఒకే మూలలో యాభై ఉండటం వేరు, పది చోట్ల ఐదేసి ఉండటం వేరు. మూడు, ఆధిక్యత. మొదలు దగ్గర ఎంత స్థలం ఆక్రమించింది? ఈ మూడోది చాలామంది మర్చిపోతారు. చిన్న లెక్క చూద్దాం. 120 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న ఒక నల్లమద్ది, 12 సెంటీమీటర్లున్న ఒక పిల్ల మొక్క. చుట్టుకొలత పది రెట్లే ఎక్కువ. కానీ కాండం అడ్డుకోత వైశాల్యం వంద రెట్లు ఎక్కువ. అంటే ఆ ఒక్క చెట్టు వంద పిల్ల మొక్కలతో సమానం.

ఈ మూడింటినీ శాతాలుగా మార్చి కలిపితే ఒక్కో జాతికి 300కి ఇంత అని మార్కు వస్తుంది. దాన్ని ఇంపార్టెన్స్ వాల్యూ ఇండెక్స్ అంటారు. 1951లో కర్టిస్, మెకింతోష్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు అమెరికాలోని విస్కాన్సిన్ అడవుల మీద వాడిన పద్ధతి. ఇప్పటికీ మన యూనివర్సిటీల్లో బాటనీ పిల్లలు అడవికి వెళ్తే చేసేది ఇదే. ఈ మార్కులు దగ్గరగా ఉన్న చతురస్రాలన్నీ ఒక గుంపు. నా పాత ఉద్యోగంలో కస్టమర్లని గ్రూపులు చేసే ప్రోగ్రాములు రాసేవాడిని. అదే క్లస్టరింగ్ ఇక్కడా వాడతారు. కస్టమర్ బదులు చిరుమాను, అంతే తేడా.

ఇప్పుడు పేర్ల దగ్గరికి వద్దాం. మన దేశంలో అటవీ శాఖ ఫైళ్ళలో కనిపించే పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? 1936లో హెచ్.జి. ఛాంపియన్ అనే బ్రిటిష్ అటవీ అధికారి అప్పటి ఇండియా, బర్మా అడవుల రకాలన్నీ ఒక వరసలో పెట్టాడు. 1968లో ఛాంపియన్, ఎస్.కె. సేథ్ కలిసి దాన్ని సవరించి మళ్ళీ ప్రచురించారు. దేశం మొత్తాన్ని 16 పెద్ద గ్రూపులుగా చేసి, వాటి కింద రెండొందలకు పైగా రకాలు, ఉపరకాలు పెట్టారు. ఈ రోజుకీ ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా మ్యాపులు ఆ లిస్టు ఆధారంగానే తయారవుతున్నాయి.

ఆ లిస్టులో ఒక్కో రకానికి ఒక కోడ్ ఉంటుంది. మన ప్రాంతానికి సంబంధించినవి కొన్ని చెప్తాను. 5 అంటే ఉష్ణమండల అనార్ద్ర ఆకురాల్చు అడవులు. అంటే వానాకాలం పచ్చగా ఉండి, ఎండాకాలం ఆకు మొత్తం రాల్చేసేవి. ఏ అంటే దక్షిణ భారతం. 5ఏ/సి1 అంటే టేకు ఉన్న అడవి. 5ఏ/సి2 అంటే ఎర్రచందనం ఉన్న అడవి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచంలో ప్రధానంగా మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే కాబట్టి, ఈ కోడ్ దాదాపు మనకోసమే పెట్టినట్టు. గిద్దలూరు వైపు అడవుల్లో ఆ చెట్టు ఉంది. 5ఏ/సి3 అంటే దక్షిణాది మిశ్రమ ఆకురాల్చు అడవి. చిరుమాను, నల్లమద్ది, వేగిస, తునికి, బిల్లుడు కలిసి పెరిగేది. నల్లమలలో చాలా భాగం ఇలాంటిదే.

ఇప్పుడు అసలు పాయింట్. ఆ కోడ్‌లో సి అనే అక్షరం ఉంది చూశారా? అది ఊరికే పెట్టింది కాదు. అక్కడి వాతావరణంలో, ఎవరూ నరక్కుండా, కాల్చకుండా వదిలేస్తే చివరికి నిలబడే అడవి అని దాని అర్థం. దీన్ని చరమ దశ అంటారు. ఇ అని ఉంటే, వాతావరణం కంటే మట్టి, రాయి ఎక్కువ నిర్ణయించిన అడవి. 5/ఇ4 అంటే నారయేపి అడవి. పల్చటి గులకరాతి నేలల మీద, మిగతా చెట్లు నిలవలేని చోట అది నిలబడుతుంది. ఇక డీఎస్ అంటే డిగ్రేడేషన్ స్టేజ్, అంటే దెబ్బతిని దిగజారిన దశ. 5/డీఎస్1 అంటే ఒకప్పుడు ఆకురాల్చు అడవిగా ఉండి, నరుకుడు, మేత, నిప్పు వల్ల పొదలుగా మిగిలింది.

అంటే ఈ కోడ్ రెండు సంగతులు చెప్తోంది. ఇక్కడ ఏం ఉంది అనేది ఒకటి. ఇది ఎక్కడి నుంచి వచ్చి ఎటు పోతోంది అనేది రెండోది. నేను వీడియోలో మొదటిది మాత్రమే చూసి రెండోది ఊహించేశాను.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే, నేను చూసింది ఒక స్క్రీన్‌షాట్. చూడాల్సింది వెర్షన్ హిస్టరీ.

ఈ మారడం ఎలా జరుగుతుందో చూద్దాం. దీన్ని పుస్తకాల్లో అనుక్రమం అంటారు, ఇంగ్లీషులో సక్సెషన్. ఒక చేను సాగు మానేశారనుకోండి. మొదటి ఏడాది కలుపు, గడ్డి. తర్వాత రేగు, తంగేడు, బందారు లాంటి ఎండకి భయపడని పొదలు. పశువులు తిని వేసిన పేడలోంచి, పిట్టల రెట్టల్లోంచి కొత్త విత్తనాలు. పొదల నీడన చెట్ల మొలకలు తలెత్తుతాయి. ఎవరూ ముట్టకపోతే కొన్ని దశాబ్దాలకి చెట్లు పైకి వస్తాయి. నీడ పడేసరికి ముందు వచ్చిన గడ్డి, పొదలు తగ్గిపోతాయి.

దీని మీద వందేళ్ళ కిందట ఒక పెద్ద వాదన జరిగింది. 1916లో ఫ్రెడరిక్ క్లెమెంట్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, మొక్కల సముదాయం ఒక ప్రాణి లాంటిది, పుట్టి పెరిగి చివరికి ఒకే రూపానికి చేరుతుంది అన్నాడు. పదేళ్ళ తర్వాత, 1926లో, హెన్రీ గ్లీసన్ దాన్ని ఒప్పుకోలేదు. ప్రతి జాతి దాని అవసరం కొద్దీ అది వస్తుంది, విత్తనం చేరిందా, నేల సరిపోయిందా అన్నదే లెక్క, గుంపు అనేది మనం గీసుకున్న గీత అన్నాడు. తర్వాతి పరిశోధనలు ఎక్కువగా గ్లీసన్ వైపే మొగ్గాయి. ఛాంపియన్ కోడ్‌లలో సి, డీఎస్ అక్షరాలు మాత్రం క్లెమెంట్స్ ఆలోచనకి దగ్గరగా ఉంటాయి. కాబట్టి వాటిని దారి చూపే బోర్డులుగా వాడుకోవాలి, గోడలుగా కాదు.

మన అడవుల్లో ఈ దారి సాఫీగా ఉండదు. ఫిబ్రవరి నుంచి మే దాకా నేల మీద ఎండాకు, ఎండుగడ్డి. ఒక్క నిప్పు రవ్వ చాలు. నేల మీద పాకే మంట పెద్ద చెట్లని పెద్దగా ఏం చేయదు, మొలకల్ని మాత్రం ఊడ్చేస్తుంది. ఏటా మంట వస్తే ఏమవుతుంది? కాలినా వేరు నుంచి మళ్ళీ చిగురు వేసే తునికి, మోదుగ లాంటివి మిగులుతాయి. విత్తనం మీద మాత్రమే ఆధారపడేవి తగ్గిపోతాయి. పైన చూస్తే అడవి అలాగే ఉంటుంది, కింద వారసులు ఉండరు.

వెదురు ఇంకో కథ. మన కొండల్లో ఉండే గట్టి వెదురు కొన్ని దశాబ్దాలకి ఒకసారి పెద్ద ఎత్తున పూసి, గింజ రాల్చి, ఆ పొదలు చచ్చిపోతాయి. ఆ ఏడాది చూసినవాళ్ళు అడవి పోయింది అనుకుంటారు. కానీ కింద లక్షల గింజలు ఉంటాయి. ఆ తర్వాత రెండు మూడేళ్ళు నిప్పు, పశువులు రాకుండా ఉంటే వెదురు తిరిగొస్తుంది. వస్తే అక్కడ వేరే కథ మొదలవుతుంది.

ఇప్పుడు మా గుట్టకి వద్దాం. ప్రశ్న చాలా సింపుల్. మా గుట్ట 5/డీఎస్1 ఆ, అంటే దెబ్బతిన్న ఆకురాల్చు అడవా? లేక 6ఏ, అంటే వాన తక్కువ ఉండటం వల్ల సహజంగానే ముళ్ళ అడవా? లేక రాయి వల్ల ఎప్పుడూ గడ్డిగానే ఉన్న నేలా? మన ప్రాంతం ఈ గీతల మీదే ఉంది. నల్లమల మీద వాన కొంత మెరుగు, కిందికి దిగితే కరువు ప్రాంతం. ఎండాకాలంలో ఫొటో తీస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. శాటిలైట్ మ్యాపులోనూ ఇదే ఇబ్బంది. ఫారెస్ట్ సర్వే వాళ్ళు చెట్ల గొడుగు నేలని ఎంత కప్పింది అని చూస్తారు. 70 శాతం దాటితే బాగా దట్టం, 40 నుంచి 70 మధ్యస్థం, 10 నుంచి 40 పల్చన, 10 లోపు అయితే పొదలు. మ్యాపు చెప్పేది కప్పు గురించి. ఆ పొద ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రంగు చెప్పదు.

అందుకే తాత వేరు తవ్వమన్నాడు.

జూలైలో, రెండు వానలు పడ్డాక, ఆయన్ని బతిమాలి మా గుట్టకి తీసుకొచ్చాను. ఏప్రిల్‌లో నేను ఎండు పుల్లలు అనుకున్నవి ఆకులతో ఉన్నాయి. నా మొదటి తప్పు అదే. ఆకు రాల్చే అడవిని ఆకు రాల్చే నెలలో చూసి చచ్చిపోయింది అన్నాను!

గుట్ట తూర్పు పాదం దగ్గర మోకాలెత్తు తునికి మొక్క ఒకటి ఉంది. దాని పక్కన గడ్డపారతో మట్టి లాగాడు. జానెడు లోతులో నా చెయ్యంత లావు వేరు బయటపడింది. "ఇది మొక్క కాదు నాయనా. చెట్టే. కొట్టినప్పుడల్లా, మేకలు కొరికినప్పుడల్లా మళ్ళీ లేస్తా ఉంది. మీరు దీని నెత్తిన గుంత తవ్వి వేరే మొక్క పెడ్తారంట!"

పాత గుంతలు ఇంకా కనిపిస్తున్నాయి. వాటిలో రెండు సరిగ్గా ఇలాంటి మొదళ్ళని నరికి తవ్వినవే. అంటే నాటిన మొక్క చచ్చింది, దానికోసం ఉన్న చెట్టు వేరూ తెగింది.

తర్వాత గుట్ట పైకి ఎక్కాం. అక్కడ కథ వేరు. జానెడు మట్టి కూడా లేదు. కింద గట్టి రాయి. నల్లమల భూగర్భం గురించి ఒక్క నిమిషం చెప్తాను, ఇది మనకి చాలా దగ్గరి విషయం. ఈ కొండల్లో ప్రధానంగా రెండు రకాల రాళ్ళున్నాయి. ఒకటి క్వార్ట్‌జైట్, చాలా గట్టిది, తొందరగా అరగదు, అందుకే శిఖరాలుగా మిగిలింది. రెండోది పొరలు పొరలుగా విడిపోయే మెత్తని రాయి. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాళ్ళకి మన కంభం పేరే పెట్టారు, కంభం ఫార్మేషన్ అని. మార్కాపురం పలకలు వచ్చేది ఆ రాళ్ళలోంచే. మన అమ్మానాన్నలు అక్షరాలు దిద్దింది వాటి మీదే. పలకరాయి అరిగిన లోయల్లో మట్టి చేరుతుంది, చెట్టుకి వేరూనే చోటు దొరుకుతుంది. క్వార్ట్‌జైట్ నెత్తిన మట్టి నిలవదు. అక్కడ గడ్డి, నాలుగు అందుగు చెట్లు, రాళ్ళ సందులో ఏదైనా ఉంటే ఉంటుంది.

పైన తాత ఎక్కడా వేరు కోసం తవ్వలేదు. పాత మొదలు ఒక్కటీ కనపడలేదు. "ఇక్కడ ఎప్పుడూ గడ్డే" అన్నాడు. మా జేజిని అడిగితే ఆవిడా అదే చెప్పింది. వాళ్ళ చిన్నప్పుడు కొట్టం కప్పడానికి బోద గడ్డి ఆ పైనుంచే కోసుకొచ్చేవాళ్ళట. అంటే అది పోయిన అడవి కాదు, ఊరికి పనికొచ్చిన గడ్డినేల. దాని మీద రెండుసార్లు గుంతలు తవ్వి, రెండుసార్లు ఓడిపోయి, నీళ్ళు పోయనివాళ్ళని తిట్టుకున్నాం.

ఇది మా ఒక్క ఊరి పొరపాటు కాదు. 2011లో జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్, ఇంకొందరు శాస్త్రవేత్తలు కలిసి రాసిన ఒక పేపర్‌లో ఇదే వాదించారు. కింద గడ్డి పరుచుకుని, పైన చెట్లు దూరం దూరంగా ఉండే నేలల్ని మనం దెబ్బతిన్న అడవి అని పిలుస్తున్నాం, వాటిలో చాలావరకు సవన్నాలు, అంటే గడ్డీ చెట్టూ కలిసి బతికే వ్యవస్థలు అని. పేరు తప్పు పెడితే పని కూడా తప్పుతుంది. అలాగని ప్రతి బోడిగుట్టనీ సహజమే అని వదిలేయడం కూడా అంతే తప్పు. మా గుట్ట పాదం దానికి సాక్ష్యం.

అందుకే మీ ఊరి గుట్ట దగ్గర మీరే చూసుకోగలిగిన పరీక్షలు ఐదు చెప్తాను. ఇవి చేస్తే నిపుణులు అవసరం లేదు అనను. వాళ్ళని అడగాల్సిన ప్రశ్న మాత్రం మీకు తెలుస్తుంది.

ఒకటి, మొదళ్ళు. పొద దగ్గర ఒకే చోటు నుంచి నాలుగైదు కాండాలు లేస్తున్నాయా? నరికిన గుర్తులున్నాయా? ఒక్క చోట పక్కగా మట్టి తీసి చూడండి, వేరు కాండం కంటే చాలా లావుగా ఉంటే అది పాత చెట్టే. చూశాక మట్టి కప్పేయండి. అటవీ శాఖ భూమి అయితే వాళ్ళని అడగకుండా ఏదీ తవ్వకండి.

రెండు, మొలకలు. పైన ఏ పెద్ద చెట్లు ఉన్నాయి, కింద ఏ పిల్లలు ఉన్నాయి? పైన చిరుమాను, కింద అంతా లంటానా అయితే ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత అక్కడ ఏం ఉంటుందో ఊహించొచ్చు.

మూడు, మట్టి. ఇనుప చువ్వ గుచ్చి చూడండి. ఎంత లోతు దిగుతుంది? కింద పలకరాయా, గట్టి బండా?

నాలుగు, పాత సాక్ష్యం. గుడి చుట్టూ ఎవరూ ముట్టని తోపు ఉందా? ఉంటే అక్కడున్న జాతులు ఆ నేల ఏం మోయగలదో చెప్తాయి. పెద్దవాళ్ళని అడగండి. ఏ పండు తినేవాళ్ళు, ఏ కట్టెతో నాగలి చేయించేవాళ్ళు, ఏ గడ్డి కోసేవాళ్ళు? పాత రికార్డులు వెతికేవాళ్ళకి ఒక చిట్కా. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. అంతకుముందు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. కాబట్టి పాత అడవి కాగితాలు కర్నూలు పేరు మీద వెతకాలి. మొక్కల జాబితా కావాలంటే బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్త జె.ఎల్. ఎల్లిస్ రాసిన నల్లమల వృక్షజాలం పుస్తకం ఉంది, రెండు సంపుటాలు.

ఐదు, కంచె. అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇదే. 10 బై 10 మీటర్ల ముక్కకి ముళ్ళకంప కట్టి, మేకలు, నిప్పు రాకుండా రెండు మూడు వానాకాలాలు వదిలేయండి. లోపలా బయటా ఏం తేడా వచ్చిందో లెక్కపెట్టండి. అప్పుడు గుట్టే జవాబు చెప్తుంది.

ఒక మినహాయింపు ఉంది. సర్కారు తుమ్మ, మన వైపు కంపచెట్టు అంటాం. ఇది మన దేశపు చెట్టు కాదు. 1876లో బెడ్డోమ్ అనే అటవీ అధికారి, ఎండిన నేలల్లో నాటడానికి విత్తనాలు కావాలని మద్రాసు ప్రభుత్వానికి రాశాడు. తర్వాత ఒకటి రెండేళ్ళకే పక్కన కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. ఆ రోజుల్లో వంటచెరుకు కొరతకి అది మంచి ఆలోచనే. కానీ ఇది వచ్చిన చోట మనం చెప్పుకున్న వరస ఆగిపోతుంది. తెరిపి నేలలో ముందే పాతుకుపోయి మిగతావాటికి చోటివ్వదు. కంచె వేసి వదిలేస్తే తునికి బదులు ఇదే దట్టమవుతుంది. అలాంటి చోట ఊరికే వదిలేయడం సరిపోదు, వేరుతో పీకి ఆ తర్వాత కాపాడాలి. మా గుట్ట కింద రోడ్డు పక్క ముక్క ఇదే స్థితిలో ఉంది.

అంటే ఒకే గుట్ట మీద మూడు సముదాయాలు, మూడు చరిత్రలు. పాదం దగ్గర దెబ్బతిన్నా వేరు బతికున్న అడవి. నెత్తిన రాతి గడ్డినేల. రోడ్డు పక్క కంపచెట్టు. మూడింటికీ ఒకే మందు, అదీ గుంత తవ్వి మొక్క పెట్టడం, అని నేను కెమెరా ముందు చెప్పాను.

ఊళ్ళో ఈ మాట చెప్పడం వీడియో చేసినంత ఈజీ కాలేదు. మా బావ అందరి ముందూ అడిగాడు: "ఏరా, నువ్వు చెప్పబట్టే గదరా ఊరంతా తిరిగి చందాలెత్తింది! ఇప్పుడు వద్దంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" నిజమే కదా. తప్పు నాది, మాట పడింది ఆయన. అందుకే మైకు తీసుకుని నేనే చెప్పాను, బావ తప్పేం లేదు, చూడకుండా చెప్పింది నేను అని.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. మేకలున్నవాళ్ళు లేచారు. "పాదం దగ్గర మూసేస్తే మా మేకలు ఎక్కడికి పోవాల?" నా దగ్గర రెడీగా జవాబు లేదు. ఆ అడవి తిరిగొస్తే లాభం అందరిది, అది వచ్చేదాకా నష్టం మాత్రం పది ఇళ్ళది. చివరికి తేలింది ఇదీ. పాదం మొత్తం కాకుండా మూడో వంతు మాత్రం మూడేళ్ళు మూస్తారు. మిగతాది మేతకి. పై గడ్డి ఎవరైనా కోసుకోవచ్చు, నిప్పు మాత్రం పెట్టకూడదు. చందా డబ్బులో సగం ఎండాకాలం కాపలా మనిషి జీతానికి, మిగతా సగం రోడ్డు పక్క కంపచెట్లు వేరుతో తీయించడానికి. అక్కడ ఖాళీ అయిన చోట మొక్కలు నాటతారు. మా బావకి గుంతలు తవ్వే పని అలా దొరికింది, ఆయనా నవ్వాడు.

ఇది సరైన పంపకమేనా? మూడేళ్ళ తర్వాత కంచె లోపలా బయటా లెక్కపెట్టి చెప్తాను. ఈ వానాకాలం నాలుగు క్వాడ్రాట్లు గీసి, ప్రతి పొద పేరు, చుట్టుకొలత రాసి పెట్టాం. జాతుల పేర్లు చెప్పింది తాత, టేపు పట్టింది నేను, ఎక్సెల్‌లో ఎక్కించింది మా బావ కూతురు.

ఆ పాత వీడియో తీసేయమని కొందరన్నారు. తీయలేదు. దాని మొదట్లో ఒక్క లైన్ పెట్టాను: ఇందులో నేను చెప్పింది తప్పు, వేరు చూడకుండా చెప్పాను, వివరం తర్వాతి ఎపిసోడ్‌లో ఉంది అని.

మీ ఊళ్ళో కూడా ఇలాంటి గుట్ట ఉంటుంది. కంభం చెరువుకి నీళ్ళు తెచ్చే గుండ్లకమ్మ కూడా ఈ నల్లమలలోనే పుడుతుంది కాబట్టి, ఆ గుట్టల మీద ఏం నిలబడుతుందో అన్నది కింద మన చేలకి కూడా సంబంధించిన విషయమే. ఒకసారి ఎండాకాలంలో, ఒకసారి వానాకాలంలో వెళ్ళి చూడండి. పోయేటప్పుడు ఊళ్ళో ఒక పెద్దమనిషిని వెంట తీసుకెళ్ళండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.